కొత్త యాంటీవైరస్, పాత ఫోటో

పొద్దున్నే షట్టరు ఎత్తి, ముందు కంప్యూటర్ స్విచ్ వేసి, తర్వాత షాపు ఊడ్చి, వాకిట్లో నీళ్ళు చల్లి, ఎదురు హోటల్లో టీ తాగి, పేపరు మొత్తం చదివి వస్తే అప్పటికి అది తెరుచుకుని ఉండేది. చూసినవాళ్ళందరూ దాన్ని నెమ్మది అంటారు. నేను అనను. పదమూడేళ్ళు ఒకేచోట పనిచేసిన మనిషిని ఇప్పుడు పరిగెత్తమంటే ఏం బాగుంటుంది?

నాది డీటీపీ షాపు. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే పెద్ద రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. షాపుకి ఒక పక్క పత్తి జిన్నింగు మిల్లు, ఇంకో పక్క మిర్చి కోల్డ్ స్టోరేజీ. మిల్లు ఆడే రోజుల్లో దూది గాల్లో తేలుతూ వచ్చి కంప్యూటర్ ఫ్యానులో చేరుతుంది. ఏడాదికొకసారి పెట్టె విప్పితే పసిపిల్లల దిండుకి సరిపోయేంత దూది వస్తుంది. నేను దాన్ని పారెయ్యను, ఒక అట్టపెట్టెలో దాస్తాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మ పత్రికలు, పత్తి విత్తనాల కరపత్రాలు, అన్నీ ఆ పెట్టెలోంచే బయటికి రావాలి. నేను సాయిబుని. అయినా పెదకాకాని శివాలయంలో జరిగే పెళ్ళికి కార్డు పైన ఏ శ్లోకం పెట్టాలో, సింగరాయకొండ నరసింహస్వామి గుళ్ళో జరిగే పెళ్ళికి ఏది పెట్టాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోయినవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హిందువులు పరమపదిస్తారు, క్రైస్తవులు ప్రభువునందు నిద్రిస్తారు, మావాళ్ళు అల్లా సన్నిధికి చేరతారు. ఒక్కసారి మాత్రం పెళ్ళిళ్ళ సీజన్ తొందరలో శైవుల ఇంటి పెద్దాయన్ని ప్రభువునందు నిద్రపుచ్చాను. ఆ కార్డుల వెనకవైపు ఇప్పటికీ ఫోన్ నంబర్లు రాసుకోవడానికి వాడుతున్నాను.

ఇలాంటి కంప్యూటర్‌లో ఒక యాంటీవైరస్ ఉండేది. దాని గడువు తీరిపోయి ఏడాదిన్నర అయింది. రోజూ పొద్దున ఒక ఎర్ర డబ్బా తెర మీదికి వచ్చి, మీరు ప్రమాదంలో ఉన్నారని చెప్పేది. మా డాక్టరూ అదే చెబుతాడు, మా ఆవిడా అదే చెబుతుంది. కాబట్టి నేను మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి నా పని చూసుకునేవాణ్ణి.

నా పని నన్ను చూసుకోనివ్వనిది ఎదురు సందులో ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఆవిడ. ఆవిడకి ముప్పయ్యైదేళ్ళుంటాయి. కరెంటు బిల్లులు, పాసుపుస్తకాల నకళ్ళు, పరీక్షల దరఖాస్తులు ఆవిడ పని. కార్డులు నా పని. అలా బాగానే ఉండేది. రెండేళ్ళ కిందట ఆవిడ కూడా కార్డులు వెయ్యడం మొదలుపెట్టింది. అదైనా సర్దుకున్నాను. తర్వాత నా షాపులో పెట్టిన పెన్‌డ్రైవులు ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆవిడ కంప్యూటర్లకి వైరస్ అంటించాయట. ఆవిడ నాతో ఒక్క మాట అనకుండా తలుపు మీద ఒక కాగితం అంటించింది: ఇక్కడ వైరస్ లేదు. ఊళ్ళో పెన్‌డ్రైవులు పెట్టుకునే చోట్లు రెండే. ఆ కాగితం ఎవరి గురించో బడిపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు నుంచి నేను ఆవిడతో మాట్లాడటం మానేశాను. ఆ సందులోంచి నడవడం కూడా మానేసి, మసీదుకి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

అలా రెండేళ్ళు తిరిగాక, మోకాళ్ళు నొప్పి పుట్టి, ఒక బుధవారం గుంటూరు వెళ్ళి కొత్త యాంటీవైరస్ కొనుక్కొచ్చాను. అమ్మినతను నా కంప్యూటర్ వయసు అడిగి, నా మొహం వైపు చూసి, కొంచెం బరువవుతుందండీ అన్నాడు. మొయ్యాల్సింది కంప్యూటర్ గదా, నేను కాదుగా అన్నాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన మిరప కల్లాల దగ్గర కాపలా ఉండేవాడు. కోసిన కాయని ఎండబోసి, టిక్కీలకి, అంటే గోనె బస్తాలకి, ఎత్తి, లారీ వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. కల్లంలో కాపలా మనిషిని మార్చాల్సొస్తే పాతవాణ్ణి వెంటనే పంపించెయ్యరు. వారం రోజులు ఇద్దరూ కలిసి ఉండాలి. ఏ కుక్క ఎవరిది, ఏ వేళప్పుడు ఏ దారిన ఎవరు నడుస్తారు, ఎవరు దొంగ, ఎవరు దొంగలా కనపడే ఆసామి బావమరిది, ఇవన్నీ పాతవాడు కొత్తవాడికి చూపించి అప్పజెప్పాలి. అప్పజెప్పకుండా మార్చిన కల్లాల్లో కాయ పోయిన సంగతులు మా నాన్న ఎన్ని చెప్పేవాడో.

కాబట్టి నేను పాత యాంటీవైరస్‌ని ఉంచే కొత్తదాన్ని ఎక్కించాను. కొత్తదాని డబ్బాలో ఒక కాగితం ఉంది. ముందు పాతది తీసెయ్యండి, తర్వాతే ఇది వెయ్యండి అని ఇంగ్లీషులో లావు అక్షరాలతో రాసి ఉంది. చదివాను. అర్థమైంది కూడా. అది రాసినవాడు జన్మలో కల్లం మొహం చూసి ఉండడని అనుకుని కాగితం మడిచి పక్కన పెట్టాను.

గురువారం పొద్దున్నే షట్టరు ఎత్తి, స్విచ్ వేసి, ఊడ్చి, టీ తాగి, పేపరు చదివి వచ్చాను. కంప్యూటర్ తెరుచుకోలేదు. పేపర్లో ప్రకటనలు కూడా చదివాను. పదకొండింటికి తెరుచుకుంది. తెర మీద రెండు డబ్బాలు ఉన్నాయి. ఎర్ర డబ్బాలో పాతది, ఇంట్లో దొంగ దూరాడని చెబుతోంది. నీలం డబ్బాలో కొత్తది, ఇంట్లో ముందునుంచే ఒక దొంగ ఉన్నాడని చెబుతోంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అనలేదు. మౌస్ కదిపితే బాణం గుర్తు బయల్దేరేది, కానీ చేరేది కాదు. మధ్యాహ్నం జొహర్ నమాజుకి వెళ్ళి వచ్చేసరికి తెర మధ్యదాకా వచ్చి ఉంది.

ఆ సాయంత్రమే పెద్దాయన వచ్చాడు.

ఆయనది మా ఊరి పక్క పల్లె. డెబ్భై దాటాయి. ఒకప్పుడు పొలం పనులకి వెళ్ళేవాడు, ఇప్పుడు వాళ్ళ చర్చిలో బెంచీలు తుడిచి, గంట కొడుతుంటాడు. ఆయన భార్య మిరపకోత ముఠాకి మేస్త్రి. ముప్పైమంది ఆడవాళ్ళని పోగుచేసి, ఆటోలెక్కించి, ఏ చేలో ఎంతమంది దిగాలో చెప్పే మనిషి. ఆవిడ పోయి ఏడేళ్ళవుతోంది. ప్రతి ఏడూ ఆ రోజుకి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, కార్డులు పంచుతాడు. కార్డులో పైన ఒక వాక్యం, మధ్యలో ఆవిడ ఫోటో, కింద భోజనం సంగతి. ఏటా ఒక్క అంకె మారుతుంది, అంతే. ఆయన వచ్చి బెంచీ మీద కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఆరు తీసేసి ఏడు పెట్టండి సాయిబుగారూ అన్నాడు. కూడిక ఆదివారం. ఇంకా రెండు రోజులుంది గదా, శనివారం పొద్దున రమ్మన్నాను.

ఆ ఫోటో నేను గర్వపడే పని. ఆవిడ ఎప్పుడూ విడిగా ఫోటో తీయించుకోలేదు. ఆధార్ కార్డులో ఉన్నదాంట్లో అందరిలాగే ఆవిడ కూడా పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంది. మొదటి ఏడు ఆయన ఎవరో ఆసామి ఆల్బంలోంచి ఒక గ్రూపు ఫోటో అడిగి తెస్తే స్కాన్ చేశాను. అందులోంచి ఆవిడ తల వరకూ కత్తిరించాను. నా దగ్గర తలలు లేని ఒళ్ళు నలభై దాకా ఉన్నాయి, ఈ పని చేసే ప్రతివాడి దగ్గరా ఉంటాయి. కోటు వేసుకున్న మగవాళ్ళు, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు. ఈ చుట్టుపక్కల పోయిన మగవాళ్ళలో సగంమంది ఒకే నీలం కోటులో ఉన్నారు. ఆవిడకి మాత్రం ప్రత్యేకంగా మెరూన్ పట్టుచీర, జరీ అంచు, మెళ్ళో రెండు పేటల గొలుసు వెతికి పెట్టాను. వెనక నీలం ఆకాశం, రెండు మబ్బులు. మెడ దగ్గర అతుకు కనపడకుండా ఒక పూట కూర్చున్నాను.

ఆ తర్వాత ఆ ఆసామి పొలం అమ్ముకుని తాడేపల్లిలో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఆల్బం పాత ఇంట్లో చెదలు తినేసింది. పెద్దాయన ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్న ఫోటో రెండేళ్ళ కిందట వానకి తడిసి అద్దానికి అంటుకుపోయింది. ఇంకోటి తీసిస్తానంటే, ఇప్పుడెందుకులెండి, మీ కంప్యూటర్లో ఉందిగా అన్నాడు. కార్డులేమో గులాబీరంగు కాగితం మీద నల్ల సిరాతో అచ్చయినవి, వాటిలో మొహం బొటనవేలి గోరంత. కాబట్టి ఆవిడ మొహం ఈ భూమ్మీద సరిగ్గా ఉన్నది నా కంప్యూటర్‌లో ఒక్కచోటే.

శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి, కల్లం పద్ధతి వదిలేసి, పాత యాంటీవైరస్‌ని పంపించేద్దామని కూర్చున్నాను. అది వెంటనే పోలేదు. మీరు మమ్మల్ని వదిలి వెళుతున్నందుకు విచారంగా ఉంది, కారణం చెప్పండి అని ఒక జాబితా ఇచ్చింది. నెమ్మదిగా ఉందా, ధర ఎక్కువా, వేరేది దొరికిందా. వేరేది దొరికింది అని నొక్కడానికి ఎందుకో మొహమాటం వేసింది. ఇతర కారణాలు అని నొక్కాను. నాలుగింటికి వెళ్ళింది. వెంటనే కొత్తది ఇల్లంతా సోదా చేస్తానంది. చెయ్యమని, కంప్యూటర్ అలాగే వదిలి షట్టరు దించి ఇంటికి పోయాను.

శనివారం పొద్దున వచ్చేసరికి సోదా అయిపోయింది. వెయ్యికి పైగా దొంగలు దొరికారట. నాకు సిగ్గుతోపాటు కొంచెం సంతోషం కూడా కలిగింది. జాబితాలో మొట్టమొదటి పేరు మా తెలుగు టైపింగ్ ప్రోగ్రాందే. అది నాకు ఒక స్నేహితుడిచ్చాడు, అతనికి ఇంకో స్నేహితుడిచ్చాడు, మొదటి స్నేహితుడు ఎక్కడ కొన్నాడో ఎవరికీ తెలియదు. ఈ పనిలో అందరిదీ అదే కథ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ నీలం డబ్బా పట్టేసింది. దానిమీద కొంచెం గౌరవం కలిగి, మిగతా జాబితా చదవకుండానే, అన్నీ తీసెయ్యి అన్న చోట నొక్కాను.

తీసేసింది. అంత వేగంగా ఆ కంప్యూటర్ పదమూడేళ్ళలో ఏ పనీ చెయ్యలేదు.

తర్వాత కార్డులుండే చోటు తెరిచాను. పెళ్ళిళ్ళు లేవు. గృహప్రవేశాలు లేవు. పెద్దకర్మలు లేవు. జ్ఞాపకార్థాలు లేవు. తలలు లేని నలభై ఒళ్ళు కూడా లేవు. తెల్లటి ఖాళీ తెర. మూసి మళ్ళీ తెరిచాను. తిరిగి స్విచ్ తీసి వేశాను. కంచే చేను మేసిందని అర్థమయ్యేసరికి పదయింది, పెద్దాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

నేను తల ఎత్తకుండా వెతుకుతూనే ఉన్నాను. వెతకడానికి ఏమీ లేదు, ఊరికే మౌస్ కదుపుతున్నాను. ఆయన కాసేపు చూసి, కరెంటు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఇంకాసేపు చూసి, అంకె మార్చటం కష్టమైతే పాతదే వెయ్యమన్నాడు. అప్పుడు చెప్పక తప్పలేదు. కొత్త యాంటీవైరస్ సంగతి, ఇద్దరు కాపలావాళ్ళ సంగతి, నేను చూడకుండా నొక్కిన సంగతి, అంతా చెప్పాను. మా నాన్న పేరు చెప్పి తప్పించుకోవాలనిపించింది గాని, ఆ ముసలాయన ముందు అంత నీచానికి దిగలేకపోయాను.

“ఫోటో పోయింది పెద్దాయనా,” అన్నాను.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నాకు కోపం బాగా తెలుసు, కోపానికి ఎలా జవాబు చెప్పాలో కూడా తెలుసు. ఆయన కోప్పడలేదు. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు.

“మొహం మర్చిపోతన్నానండీ,” అన్నాడు. “గొంతు గుర్తుంది, నడక గుర్తుంది, మొహమే సరిగ్గా రావటంలా. ఏడాదికోసారి మీ దగ్గరికొచ్చి చూసుకుంటన్నాను. కూడిక పెట్టేది అందుకేనండి.”

ఇన్నేళ్ళుగా ఆయన అంకె మార్పించుకోవడానికి వస్తున్నాడనుకున్నాను. నేను ఆ ఫోటో తెర మీద తెరిచి, అంకె మార్చేంత సేపు ఆయన వెనక నుంచుని చూసేవాడు. నా కంప్యూటర్ నెమ్మది కాబట్టి చాలాసేపు చూసేవాడు.

లేచి, చెప్పులేసుకుని, రోడ్డు దాటి ఎదురు సందులోకి వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత ఆ సందు కొంచెం ఇరుకైనట్టనిపించింది. ఆన్‌లైన్ సెంటర్ తలుపు మీద ఆ కాగితం అలాగే ఉంది, పైగా లామినేషన్ కూడా చేయించింది. ఇక్కడ వైరస్ లేదు అన్నదాన్ని ఒకసారి పూర్తిగా చదివి లోపలికి వెళ్ళాను.

“చెల్లెమ్మా, ఒకసారి మా షాపుకి రావాలి,” అన్నాను.

రెండేళ్ళుగా నేను ఆవిడని ఏమేమి పిలిచానో ఆవిడకి ఎవరో ఒకరు చేరవేసే ఉంటారు. అందుకే చెల్లెమ్మా అన్న మాట విని ఆవిడ ముందు వెనక్కి తిరిగి చూసింది, వెనక ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. సంగతి చెప్పాను. పెద్దాయన పేరు చెప్పగానే ఆవిడ చేతిలో ఉన్న దరఖాస్తు పక్కన పెట్టి లేచింది. వచ్చేదారిలో నన్ను ఒక్క ప్రశ్నే అడిగింది, రెండూ కలిపి వేశారా అని. అవునన్నాను. ఆవిడ నడక వేగం పెంచింది. ఆ నడక నేను జన్మలో మర్చిపోను.

ఆవిడ నా కుర్చీలో కూర్చుని తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి, అందులో ఒక వరుస టైపు చేసి, ఎంటర్ నొక్కి, చేతులు కట్టుకుంది.

“ఇవి పోలేదండి. దాక్కున్నాయి,” అంది.

తర్వాత పెద్దాయనకి కూడా అర్థమయ్యేట్టు చెప్పింది. పెన్‌డ్రైవుల్లోంచి వచ్చే ఒకరకం వైరస్ ఏం చేస్తుందంటే, మన ఫోల్డర్లని కనపడకుండా దాచి, వాటి స్థానంలో అదే పేరుతో, అదే బొమ్మతో దొంగ ఫోల్డర్లు పెడుతుంది. మనం దొంగదాన్ని నొక్కితే అది అసలుదాన్ని తెరిచి చూపిస్తుంది, తను మాత్రం పక్కవాడి పెన్‌డ్రైవులోకి ఎక్కుతుంది. కాబట్టి ఏళ్ళ తరబడి మనకి తెలియదు. కొత్త యాంటీవైరస్ వచ్చి దొంగవాటిని చంపేసింది. అసలువి దాచినచోటే ఉండిపోయాయి. అంటే నేను ఇన్నేళ్ళూ దొంగల చేతిమీదుగానే కార్డులు వేశాను, వాళ్ళు ఒక్క అక్షరం కూడా చెరపలేదు. పెద్దాయన అంతా విని, ఉందాండి అయితే అని మాత్రం అడిగాడు.

ఫోల్డర్లు ఒక్కొక్కటే తెర మీదికి రావడం మొదలైంది. పెళ్ళిళ్ళు వచ్చాయి, గృహప్రవేశాలు వచ్చాయి, ఒళ్ళు వచ్చాయి. నేను ఏనాడో చోటు చాలక తీసేశాననుకున్నవి కూడా వచ్చాయి. జ్ఞాపకార్థాలు రాగానే ఆవిణ్ణి లేపి నేను కూర్చున్నాను. పెద్దాయన ఫైలు తెరిచాను. మెరూన్ చీర, జరీ అంచు, రెండు మబ్బులు, అంతా పదిలంగా ఉంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఇదిగో పెద్దాయనా అన్నాను. ఆయన వంగి, తెరకి దగ్గరగా వచ్చి చూసి, తల ఊపాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అరచెయ్యి మెడ కింద అంతా కప్పేసేలా గాల్లో అడ్డం పెట్టుకుని చూశాడని తెలుస్తోంది. అప్పుడు తెర వెలుతురుకి అడ్డం పెట్టుకున్నాడనుకున్నాను.

ఆన్‌లైన్ సెంటర్ ఆవిడ, ఫైళ్ళు చెడిపోలేదు గదా అని పరీక్షించడానికి పక్కనున్న ఇంకోటి నొక్కింది. నా కంప్యూటర్ బొమ్మని పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా చూపిస్తుంది. ముందు ఆకాశం వచ్చింది, మబ్బుల్లేని ఎండాకాలపు ఆకాశం. తర్వాత తలలు వచ్చాయి, తువ్వాళ్ళు చుట్టుకున్న పది పన్నెండు మంది ఆడవాళ్ళవి. మధ్యలో పెద్దాయన భార్య మొహం. తర్వాత భుజాలు. చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, కోతకి వెళ్ళే ఆడవాళ్ళంతా వేసుకునేదే, గీతల చొక్కా, గుండీలు మెడదాకా పెట్టి ఉన్నాయి. చివరికి వాళ్ళు కూర్చున్న మిర్చి టిక్కీలు వచ్చాయి. మొదటి ఏడు నేను చేసిన స్కాన్ అది.

పెద్దాయన లేచి నుంచున్నాడు. వేలు పెట్టి ఆ గీతల చొక్కా చూపించాడు.

“అది నా చొక్కా అండి,” అన్నాడు. “పండక్కి కుట్టించుకున్నది. ఆ రోజు దానికి వేరే చొక్కా దొరక్క నాది వేసుకుని పోయింది. ఆసామి ఫోటో తీస్తుంటే నేను ఎదురుగా బనీను మీద నుంచున్నాను. అందుకనండి ఆ నవ్వు.”

అప్పుడు చూశాను. నిజంగానే నవ్వుతోంది. పట్టుచీర మీద అదే నవ్వు ఆరేళ్ళ నుంచీ ఉంది, కానీ అక్కడ ఎందుకు నవ్వుతోందో తెలిసేది కాదు. నగల కొట్టు ప్రకటనలో మనిషి నవ్వుతున్నట్టుండేది. నేను దాన్ని నా పనితనం అనుకున్నాను.

ఇది వెయ్యమంటారా అని అడిగాను. ఆయన ముందు ఆన్‌లైన్ సెంటర్ ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు చూసి తల ఊపాడు. ఎప్పుడో రెండో ఏడు ఆయన, ఆ ముందరి ఫోటో ఉందా అండి అని ఒకసారి అడిగిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. చోటు చాలక తీసేశాను, దానికంటే ఇదే బాగుంది గదా అన్నాను. ఆయన, అవునండి బాగుంది అని ఊరుకున్నాడు. తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు.

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం పెద్దాయనా?”

“మీరు కష్టపడి చేశారు గదండీ. ఏమనుకుంటారో అని.”

నేను కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళి, కోల్డ్ స్టోరేజీ గేటు వైపు చూస్తూ కాసేపు నుంచున్నాను. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెయ్యిమంది దొంగలు దొరికినప్పటి సిగ్గులాంటిది కాదు. ఆయన భార్యని ఆయన ఎదుటే మార్చేసి, ఏడాదికోసారి అదే మొహం కాస్త చూసుకోమని ఇచ్చాను. ఆయన నా మనసు నొప్పించకూడదని దాన్ని పుచ్చుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఆన్‌లైన్ సెంటర్ ఆవిడ మా తెలుగు టైపింగ్ ప్రోగ్రాంని చెరలోంచి విడిపించి, ఇది మనవాడే అని యాంటీవైరస్‌కి చెప్పి పెట్టింది. ఆ ఫోటోకి తన పెన్‌డ్రైవులో ఒక కాపీ తీసుకుంది. నా కంప్యూటర్‌లో తన పెన్‌డ్రైవు పెట్టడం ఆవిడకి ఎంత కష్టమైన పనో నాకు తెలుసు. అందుకని ఆవిడ తలుపు మీది కాగితం గురించి ఆ రోజు నేనేమీ అనలేదు. అది ఇప్పటికీ ఉంది. నేను మాత్రం మళ్ళీ ఆ సందులోంచే నడుస్తున్నాను.

గ్రూపులోంచి మేస్త్రిని నడుం దాకా కత్తిరించాను. చొక్కా మొత్తం వచ్చేట్టు, కూర్చున్న టిక్కీ అంచు కూడా కనపడేట్టు. మబ్బులు పెట్టలేదు. ఆరు తీసి ఏడు పెట్టాను. గులాబీ కాగితం వద్దని, షాపులో ఉన్న తెల్ల ఆర్ట్ పేపరు మీద రంగుల్లో వేశాను. పెద్దది ఒకటి తీసి లామినేషన్ చేయించి, ఇంటికి తీసుకెళ్ళమన్నాను. ఆయన, మీ దగ్గరే ఉంచండి, పదిలంగా ఉంటుంది అన్నాడు. ఆ మాట అనడానికి ఆ రోజున ఆయనకి ఎలా నోరొచ్చిందో నాకు తెలియదు. బలవంతంగా చేతిలో పెట్టాను.

ఆదివారం సాయంత్రం కూడికకి వెళ్ళాను. ఆరేళ్ళు కార్డులు వేశాను గాని వెళ్ళడం అదే మొదటిసారి. చర్చి వరండాలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. నా ముందు వరుసలో ఆవిడ ముఠాలో పనిచేసిన ఆడవాళ్ళు ఉన్నారు. పెద్దాయన తనే ఒక్కొక్కరికీ కార్డు ఇచ్చుకుంటూ వచ్చాడు. ఆరేళ్ళూ వాళ్ళు ఆ కార్డు తీసుకుని, చూడకుండా మడిచి బొడ్లో దోపుకునేవాళ్ళట. ఆ రోజు వాళ్ళలో పెద్దావిడ ఒకామె మడవబోయి ఆగింది. కార్డుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. పక్కనున్న ఆమె మోచేతి మీద తట్టింది.

“ఇన్నాళ్ళకి వచ్చిందే మేస్త్రి,” అంది.